అన్నంలోకి ఏం చేశావ్?

నేను: అందరికీ నమస్కారం. ఈ ఎపిసోడ్ మారతహళ్లిలో మా పిన్ని వంటింట్లో కూర్చుని రికార్డ్ చేస్తున్నాను. మధ్యలో కుక్కర్ కూత వినిపిస్తుంది, ఏమీ అనుకోకండి. పిన్ని వాళ్లది భీమవరం దగ్గర పల్లెటూరు. బెంగళూరు వచ్చి పదకొండేళ్లయింది. రెండేళ్ల కిందట బాబాయికి రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు చక్కెర లెక్క, 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ గడప దగ్గర ఉన్నట్టు, 6.5 గానీ ఆపైన గానీ ఉంటే లోపలికి వచ్చేసినట్టు. అప్పటి నుంచి ఈ ఇంట్లో వంట ఎలా మారిందో పిన్నినే అడుగుదాం. పిన్నీ, ఆ రిపోర్ట్ వచ్చిన రోజు ఏం చేశావు?

పిన్ని: ఏం చేస్తాను తల్లీ, భయపడ్డాను. మా మామగారు షుగర్‌తో ఎంత బాధపడ్డారో కళ్లారా చూశాను కదా. ఆ భయంలో మర్నాడే బియ్యం డబ్బా పైకెక్కించేశాను. మూడు పూటలా కొర్రలు, సామలు, రాగి జావ. నూనె బంద్, పచ్చడి బంద్, పెరుగు కూడా మీగడ తీసేసి.

నేను: ఎన్నాళ్లు సాగింది?

పిన్ని: పదకొండు రోజులు. మీ బాబాయికి కడుపు ఉబ్బరం, మలబద్ధకం. ఏళ్ల తరబడి తెల్లన్నం తిన్న పొట్టకి ఒక్కసారిగా అంత పీచు వేస్తే తట్టుకుంటుందా? నీళ్లు కూడా ఎక్కువ తాగించాలని నాకు తెలియలేదు. పన్నెండో రోజు ఆఫీసు దగ్గర దర్శినిలో, అదే నిలబడి తినే చిన్న హోటల్లో, రెండు ప్లేట్ల పొంగల్ తిని వచ్చారు. వచ్చి తనే చెప్పారు, "నాకు ఇంట్లో తిన్నట్టే లేదు" అని. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. తిండి పెట్టే మనిషికి అంతకంటే కష్టమైన మాట ఏముంటుంది చెప్పు.

నేను: మరి దారి ఎక్కడ దొరికింది?

పిన్ని: ఒక మాట దగ్గర దొరికింది. మనం ఫోన్ ఎత్తగానే ఏమంటాం? "అన్నంలోకి ఏం చేశావ్?" అంటాం. మీ అమ్మమ్మ రోజూ అదే అడుగుతుంది. అంటే అన్నం ఎలాగూ ఉంది, కొండంత ఉంది, దాన్ని లోపలికి పంపడానికి ఏదో ఒకటి కావాలి. అది కూర అయినా సరే, ఆవకాయ బద్ద అయినా సరే. నా వంటంతా ఆ ప్రశ్నకి జవాబు లాగే ఉండేదని ఒకరోజు తట్టింది.

నేను: ఎలా తట్టింది?

పిన్ని: తూకం వేస్తే. హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, వాళ్లు 2024లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చారు. రోజుకి 2000 కేలరీలు సరిపోయే మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, నూనె 27 గ్రాములు. ధాన్యమంటే వండకముందు తూకం. మా ఇంట్లో ముగ్గురం. ఇడ్లీ బియ్యంతో కలిపి రోజుకి కిలోకి దగ్గర్లో బియ్యం పడుతోంది. కూరగాయలు అరకిలో. మనిషికి నూట డెబ్బై గ్రాములు కూడా లేవు. రోజూ కూర వండుతున్నాను, ఆకుకూర పప్పు చేస్తున్నాను, ఇంక నాకేం తక్కువ అనుకునేదాన్ని. తక్కెడ వేరే చెప్పింది.

నేను: అంటే సమస్య బియ్యం మంచిదా కొర్రలు మంచివా అన్నది కాదు.

పిన్ని: కాదు! అదే అందరికీ చెబుదామని ఈ మైక్ ముందు కూర్చున్నాను. చుట్టాలు ఫోన్ చేసి "కొర్రలు తింటే షుగర్ పోతుందట కదా, రాగి జావ అయితే ఎంతైనా తాగొచ్చట కదా" అంటారు. రాగులు గొప్పవే. వంద గ్రాముల్లో 340 మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంటుంది, తెల్లబియ్యంలో పదికి అటూ ఇటూ. కానీ పిండిపదార్థం చూస్తే రాగుల్లోనూ నూటికి డెబ్బై దగ్గరే. మెత్తటి పిండి పలచగా కాచి గడగడా తాగితే అరగడానికి ఎంతసేపు? మీ బాబాయి జావ తాగిన రోజుల్లో రెండు గంటల తర్వాత మీటరు పెడితే, కూరతో రెండు ఇడ్లీలు తిన్న రోజు కంటే ఎక్కువే చూపించేది. ఆయన ఒంట్లో చూసింది చెబుతున్నాను, అందరికీ అలాగే ఉండాలని లేదు.

నేను: అయితే ముందు కూర పెంచావు.

పిన్ని: కూర ముందు వండడం మొదలుపెట్టాను. వినడానికి చిన్న సంగతే. ఇదివరకు లేవగానే అన్నం కుక్కర్ పెట్టేసేదాన్ని, అది దిగేలోపు కూర. ఇప్పుడు ఒకటిన్నర కిలోల కూరగాయలు తరిగి, పొయ్యి మీద రెండు రకాలు అయ్యాక, అప్పుడు ఎంత అన్నం కావాలో చూసుకుని కడుగుతాను. కంచంలో కూడా కూరా పప్పూ ముందు. అవి సగం తిన్నాక అన్నం. కూరా పప్పూ ముందు పడితే రక్తంలో చక్కెర నిదానంగా పెరుగుతుందని డాక్టరు గారు కూడా చెప్పారు. ఇప్పుడు బియ్యం, చిరుధాన్యాలు అన్నీ కలిపి మాకు ఎనిమిది వందల గ్రాముల లోపే.

నేను: కానీ అంత కూర అంటే అంత నూనె కదా పిన్నీ. మన దొండకాయ వేపుడు నూనెలో ఈదుతుంది.

పిన్ని: అక్కడే నేను చాలా కష్టపడ్డాను. మొదట నూనె లేకుండా ఉడకబెట్టి పెట్టాను, ఎవరూ ముట్టలేదు. తర్వాత మా నాయనమ్మ చేసే పద్ధతి గుర్తొచ్చింది. ఇనప మూకుడులో ఒక చెంచా నూనె, పోపు, సన్నగా తరిగిన దొండకాయలు. పైన లోతు కంచం మూత పెట్టి, ఆ కంచంలో నీళ్లు పోస్తాం. పైన చల్లగా ఉంటుంది కాబట్టి లోపలి ఆవిరి మూతకి తగిలి మళ్లీ ముక్కల మీదే పడుతుంది. కూర తన నీళ్లలో తనే మగ్గుతుంది, మాడదు. పావుగంటకి మూత తీసి, మంట పెంచి, ఇంకో చెంచా నూనె అంచుల వెంట వేసి వేపాలి. ఎర్రబడ్డాకే ఉప్పు, కారం. ఉప్పు చివర వేస్తే ముక్క పైనే ఉంటుంది, నాలుకకి ముందు అదే తగులుతుంది, తక్కువ వేసినా సరిపోతుంది. దించేముందు వేరుశనగపప్పు, వెల్లుల్లి దంచిన పొడి. అరకిలో దొండకాయలకి రెండు చెంచాలు, అంతే.

నేను: బెండకాయకి కూడా ఇదేనా?

పిన్ని: అయ్యో, బెండకాయకి మూత పెడితే జిగురు పట్టేస్తుంది. దానికి మూత వద్దు. కడిగి, తడి బాగా ఆరాక తరిగి, వెడల్పు మూకుడులో పలచగా పరిచి వేపాలి. ఒకదాని మీద ఒకటి కుప్ప పోయకూడదు.

(కుక్కర్ కూత)

నేను: ఇప్పుడు దాంట్లో ఏముంది?

పిన్ని: కందిపప్పు, తోటకూర. బస్సారుకి. ఇది నాకు ఎదురింటి అక్క నేర్పింది, వాళ్లది మండ్య వైపు. బెంగళూరు వచ్చి తొమ్మిదేళ్లు నేను భీమవరం వంటే వండాను, ఎదురింట్లో ఏం వండుతారో అడగలేదు. అడిగాక నా వంట సగం మారిపోయింది.

నేను: బస్సారు ఎలా చేస్తారో మన శ్రోతలకి చెప్పు.

పిన్ని: పప్పూ ఆకుకూరా కలిపి ఉడికించాలి, కానీ పప్పు పలుకుగా ఉండాలి, చిదిమితే నలిగేలా అంతే. తర్వాత ఆ నీళ్లు వార్చాలి, మనం గంజి వార్చినట్టు. కన్నడంలో బసి అంటే వార్చడమే, అందుకే బస్సారు. చిల్లుల గిన్నెలో మిగిలిన పప్పూ ఆకూ పోపులో వేసి, ఉల్లిపాయ, కొబ్బరి కోరు వేస్తే పల్య, అంటే మన పొడికూర. వార్చిన నీళ్లున్నాయి కదా, అసలు రుచి అందులో ఉంది. కాల్చిన ఉల్లిపాయ, వెల్లుల్లి, ఎండుమిర్చి, మిరియాలు, జీలకర్ర, కొంచెం కొబ్బరి, ఉడికిన పప్పూ ఆకులోంచి ఒక గుప్పెడు, అన్నీ కలిపి రుబ్బి, చింతపండు పులుసుతో ఆ నీళ్లలో కాచాలి. ఒక్క గిన్నె ఉడికిస్తే కూరా వచ్చింది, చారూ వచ్చింది. ఆకుకూర ఉడికేటప్పుడు నీళ్లలోకి దిగే విటమిన్లు పారబోయకుండా చారులో వచ్చేస్తాయి. నేను ఎన్నేళ్లు ఆ నీళ్లు సింకులో పోశానో!

నేను: దీనికి తోడు రాగి ముద్ద.

పిన్ని: ముద్ద నాకు మూడు వారాలు రాలేదు. ఉండలు కట్టేది. అక్క పక్కన నిలబడి నేర్పింది. ముందు కాస్త పిండి చల్లటి నీళ్లలో కలిపి మరిగే నీళ్లలో పోయాలి. అది తెర్లాక మిగతా పిండి మధ్యలో గుట్టగా పోసి, కదపకుండా ఉడకనిచ్చి, అప్పుడు తెడ్డుతో గట్టిగా తిప్పాలి. మనం పిండి పోయగానే తిప్పేస్తాం, అదే తప్పు. ముద్ద నమలకూడదు, చారులో ముంచి మింగాలి. సీమ వాళ్లు సంగటిలో అన్నం కలుపుతారు, వీళ్లు కలపరు. మండ్య దగ్గర వ్యవసాయ పరిశోధన ఫారంలో పనిచేసిన లక్ష్మణయ్య గారని ఒకాయన, మన రాగి రకాలను ఆఫ్రికా రకాలతో కలిపి కొత్త వంగడాలు తెచ్చారు. ఇండియా, ఆఫ్రికా కలిపి వాటికి ఇండాఫ్ అని పేరు. రైతుల దిగుబడి బాగా పెరిగింది. అక్క వాళ్ల నాన్నగారు ఆయన పేరు ఎత్తితే చేతులు జోడిస్తారట.

నేను: దుకాణంలో పేర్ల గొడవ కూడా చెప్పావు నాకు.

పిన్ని: అది తప్పకుండా చెప్పాలి, ఇక్కడి మన తెలుగువాళ్లు చాలామంది పొరబడతారు. నేను కొర్రలు అడిగితే కొట్టతను కొరలె ఇచ్చాడు. పాపం అతని తప్పు లేదు, మాట అలాగే వినిపించింది. కన్నడంలో కొరలె అంటే మన అండుకొర్రలు. కొర్రలు కావాలంటే నవణె అని అడగాలి. అరికెలు కావాలంటే హారక, వరిగలు కావాలంటే బరగు. సామలు సామె, ఊదలు ఊదలే. నాన్చే సమయం, పట్టే నీళ్లు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి, ఏదో తెలియకుండా వండితే పలుకు మిగిలిపోతుంది. నేను కొర్రలు రాత్రే నానబెట్టి, ఒకటికి రెండున్నర నీళ్లు పోస్తాను. వేడిగా తినాలి, చల్లారితే గట్టిపడుతుంది. మిగిలితే మజ్జిగ కలిపి పొద్దున తాలింపు పెడతాను. వారంలో మూడు పూటలే చిరుధాన్యాలు, మిగతా రోజుల్లో అన్నమే.

నేను: అన్నట్టు చలికాలం అవరెకాయ కూడా.

పిన్ని: డిసెంబరు వస్తే చాలు! నేను మొదటిసారి విన్నప్పుడు ఆనపకాయ అనుకున్నాను, మనకి ఆనపకాయ అంటే సొరకాయ కదా. ఇది చిత్తూరు వాళ్ల అనపకాయ, చిక్కుడు జాతి. గింజ నానబెట్టి పైతొక్క పితికేస్తే పితికిపప్పు. మడివాళ మార్కెట్లో పొద్దున్నే వెళితే లేతవి దొరుకుతాయి. అందరం కూర్చుని ఒలుచుకోవడమే ఒక పండగ. కోసంబరి కూడా ఇక్కడే రోజువారీ అయింది. అది మన శ్రీరామనవమి వడపప్పే! నానిన పెసరపప్పు, కీరా, కొబ్బరి, నిమ్మరసం. ఏడాదికి ఒక్కరోజు ప్రసాదంగా తినేదాన్ని వారానికి నాలుగు రోజులు తింటున్నాం.

నేను: ఆవకాయ సంగతి అడగకపోతే మా అమ్మ ఊరుకోదు.

పిన్ని: ఆవకాయ లేని ఇల్లు నా వల్ల కాదు. పెడుతున్నాను, చిన్న జాడీ. కానీ నాలుగు గిన్నెల ముక్కలకి గిన్నెడు ఉప్పు పోస్తాం కదా. రోజుకి మనిషికి అన్నీ కలిపి ఐదు గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే ఒక్క టీ చెంచా. మీ బాబాయికి బీపీ కూడా ఉంది. అందుకని ఆదివారం మధ్యాహ్నం ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి. ఆ ఒక్క పూట ఏమీ కొలవను. మిగతా రోజుల్లో గోంగూర అప్పటికప్పుడు చేసే పచ్చడి. ఇక్కడ పుండి సొప్పు అని అడిగితే ఇస్తారు.

నేను: బాబాయి రిపోర్ట్?

పిన్ని: ఆర్నెల్లకి 5.9. ఇప్పుడు 5.8. తిన్నాక పావుగంట నడుస్తారు, అది కూడా కలిసొచ్చింది. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఇప్పటికే షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు డాక్టరుకి చెప్పకుండా అన్నం తగ్గించకండి. మందు అదే ఉండి తిండి తగ్గితే చక్కెర పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు కూడా ఇన్ని ఆకుకూరలు అడగకుండా తినకూడదు.

నేను: నిన్న అమ్మమ్మ ఫోన్ చేసిందా?

పిన్ని: చేసింది. "అన్నంలోకి ఏం చేశావే" అంది. బస్సారు, దొండకాయ వేపుడు, కోసంబరి అని చెబితే, "ఇన్ని చేశావు, అన్నం ఎంత వండావు?" అంది. మూడు గుప్పిళ్లు అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "ఆ బస్సారులో చింతపండు ఎంత వేస్తావు?" అని అడిగింది. సంక్రాంతికి వెళ్లినప్పుడు చేసి పెట్టమంది.

నేను: చేసి పెడతావా?

పిన్ని: తోటకూర అక్కడ పెరట్లోనే ఉంది కదా. ఇంక ఆపు తల్లీ, కుక్కర్ ఆవిరి పోయింది. పప్పు మెత్తబడితే వార్చడానికి రాదు.