టోపీ తీయని కౌబాయ్

శ్రోతలకు నమస్కారం.

సినిమాకు మాటలొచ్చిన కొత్తల్లో హాలీవుడ్‌లో ఒక చిత్రమైన వీరుడు పుట్టాడు. దొంగలను తరిమి కొడతాడు, ఆ వెంటనే గుర్రం మీదే గిటారు మీటుతూ పాట అందుకుంటాడు. 1935లో పాడే కౌబాయ్‌గా నటించిన జీన్ ఆట్రీ చిత్రాలు బాగా ఆడాక, పాడగలిగే కౌబాయ్‌కి గిరాకీ పెరిగింది. ఆ కోవలో మనం అరుదుగా వినే పేరు హెర్బ్ జెఫ్రీస్. ఈ పూట ఆయన గురించి చెబుతాను.

జెఫ్రీస్ 1913లో డెట్రాయిట్‌లో పుట్టారు. మిషిగన్‌లో తాతగారి పొలంలో చిన్ననాడే గుర్రపు స్వారీ అబ్బింది. షికాగో చేరి, ఎర్ల్ హైన్స్ జాజ్ బృందంలో గాయకుడయ్యారు. ఆ బృందంతో అమెరికా దక్షిణాది రాష్ట్రాలు తిరిగారు. అప్పట్లో అక్కడ నల్లవారికి సినిమా హాళ్లు వేరు. ఆ హాళ్లు నిండా నల్లజాతి పిల్లలు, తెర మీద మాత్రం తెల్ల కౌబాయ్‌లు.

ఒకసారి వీధిలో ఏడుస్తున్న నల్లజాతి పిల్లవాణ్ని చూశానని ఆయన తర్వాత చెప్పుకున్నారు. తోటి పిల్లలు కౌబాయ్ ఆట ఆడుతున్నారు. వీడు, ఆనాటి పేరున్న తెల్ల కౌబాయ్ నటుడు టామ్ మిక్స్ అవుతానన్నాడు. టామ్ మిక్స్ నల్లవాడు కాదు కదా, నువ్వెలా అవుతావని వాళ్లు కాదన్నారు. నిజానికి అమెరికా అంతర్యుద్ధం తర్వాత టెక్సస్ నుంచి పశువుల మందలను తోలుకెళ్లిన కౌబాయ్‌లలో నలుగురికొకరు నల్లవారని చరిత్రకారుల అంచనా. వాళ్ల మనవళ్ల వయసు పిల్లవాడికి ఆ వేషం దక్కలేదు! ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

జెఫ్రీస్ ఊరుకోలేదు. నల్లజాతి కౌబాయ్‌తో సినిమా తీయమని జెడ్ బ్యూయెల్ అనే నిర్మాతను ఒప్పించారు. స్వారీ, పాట, నటన మూడూ వచ్చిన నల్లజాతి నటుడి కోసం వెతికి, చివరికి నేనే చేస్తానన్నారు. ఆయన తల్లి ఐరిష్ సంతతి మనిషి, ఆయనది లేత చాయ. అందుకని ముఖానికి ముదురు రంగు పూశారు. జుట్టు కనబడితే నల్లవాడు కాదేమోనని జనం అనుమానిస్తారని సినిమా పొడవునా టోపీ తీయలేదు. కొట్లాటలోనూ అది తలమీదే ఉండాలి!

అలా 1937లో ‘హార్లెం ఆన్ ద ప్రెయిరీ’ వచ్చింది. కాలిఫోర్నియా ఎడారిలో, నల్లజాతి దంపతులు నడిపే విడిది గృహం పరిసరాల్లో కొద్ది డబ్బుతో చిత్రీకరించారు. ఆ తర్వాత 1939 వరకు మరో మూడు వచ్చాయి. ‘ది బ్రాంజ్ బకరూ’, అంటే కంచు రంగు కౌబాయ్, అన్న చిత్రం పేరే ఆయన బిరుదైపోయింది. కథలు పాతవే, హడావిడిగా తీసిన జాడలు తెలుస్తూనే ఉంటాయి. అయినా ఆయన నిండు గొంతుతో పాట ఎత్తుకోగానే ఆ లోట్లేవీ గుర్తుండవు. నిజాయితీపరుడైన నల్లజాతి వీరుడు, తెల్ల గుర్రమెక్కి, చివరికి గెలుస్తాడు. హాల్లోని పిల్లలకు కావలసింది అదే.

తర్వాత డ్యూక్ ఎలింగ్టన్ జాజ్ బృందంలో చేరి, 1940లో ‘ఫ్లమింగో’ పాట రికార్డు చేశారు. దేశమంతా ఆయన పేరు తెలిసింది ఆ పాటతోనే. కానీ కౌబాయ్ పాటను ఆయన మరచిపోలేదు. ఎనభై దాటాక, 1995లో, మళ్లీ ఆ పాటలతోనే ఒక ఆల్బం చేశారు. 2014 మేలో, నూరేళ్లు నిండిన జీవితంతో కన్నుమూశారు.

నమస్కారం.