ఎత్తుకునే సిలువ, నెత్తిన పడే కష్టం
(గుంటూరులో లెంటు, అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాల్లో, ఒక శుక్రవారం సాయంకాల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అక్కలకు, అన్నలకు, యవనస్థులకు ప్రభువు నామంలో వందనాలు.

షుగరు వస్తే సిలువ అంటున్నాం. అల్లుడు తాగొచ్చినా, కోడలితో పడకపోయినా సిలువే. తాహతు చూసుకోకుండా వేసిన రెండో అంతస్తుకి కట్టే బ్యాంకు కిస్తీని కూడా సిలువ అనేవాళ్లున్నారు. అన్నింటికీ ఒకే పేరు పెట్టేయడం వల్ల కొందరు మోయనక్కర్లేనివాటిని ఏళ్ల తరబడి మోస్తున్నారు. మోయాల్సినవాటి జోలికి మాత్రం మనలో చాలామందిమి పోవడం లేదు.

లూకా 9:23 తీయండి. "ఎవడైనను నన్ను వెంబడింపగోరినయెడల తన్నుతాను ఉపేక్షించుకొని, ప్రతిదినము తన సిలువను ఎత్తికొని నన్ను వెంబడింపవలెను." ఈ మాట విన్న గలిలయవాళ్లకి సిలువంటే ఏంటో బాగా తెలుసు. క్రీ.పూ. 4లో హేరోదు చనిపోయాక తిరుగుబాటు లేస్తే, రోమా అధిపతి వారుస్ దాదాపు 2,000 మందిని సిలువ వేయించాడని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. శిక్షపడ్డవాడి భుజాన అడ్డదూలం పెట్టి, ఊరంతా చూస్తుండగా నడిపించేవాళ్లు. ప్రాణం పోకముందే పరువు పోవాలి, అదీ ఆ శిక్షలో భాగం. అలాంటిదాన్ని "వెంబడింపగోరితే" ఎత్తుకోమన్నాడు ప్రభువు. మన ఇష్టంతో, ఆయన వెనక నడవడం కోసం, నష్టమొస్తుందని తెలిసీ తలకెత్తుకునేది సిలువ. తప్పించుకోవడానికి దారి ఉంటుంది, అయినా తప్పించుకోం.

జబ్బు సంగతి వేరు. పౌలు తన శరీరంలోని బాధను ముల్లు అన్నాడు. దాన్ని తీసేయమని మూడుసార్లు ప్రభువును వేడుకున్నట్టు 2 కొరింథీ 12లో ఉంది. కాబట్టి జబ్బు చేస్తే ప్రార్థన చేయించుకోండి, మందులూ వేసుకోండి. బీపీ మాత్ర మానేస్తే అది సిలువ మోసినట్టు కాదు.

భర్త చేతిలో దెబ్బలు తినే ఆడబిడ్డ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు సంఘానిదే. "ఓర్చుకోమ్మా, నీ సిలువ అది" అని ఇంటికి పంపేస్తున్నాం. అతని పాపాన్ని ఆమె సిలువ చేసే అధికారం మనకెవరిచ్చారు? ఆ అమ్మాయి పాస్టరమ్మగారి దగ్గరికొచ్చి ఏడిస్తే మొదట అడగాల్సింది, ఈ రాత్రి పిల్లలతో ఎక్కడ పడుకుంటావమ్మా అని. దెబ్బలుంటే ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌కి తీసుకెళ్లి, ఎలా తగిలాయో దాచకుండా డాక్టరుతో చెప్పించి రాయించండి. మహిళా హెల్ప్‌లైన్ 181, ప్రాణభయం ఉంటే 112. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు తెచ్చుకోవచ్చు, ఆ ఇంట్లోనే ఉండే హక్కూ అడగొచ్చు. పెద్దలు సాధారణంగా చేసే పొరపాటు, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి వెంటనే రాజీ చేయబోవడం. అతని ముందు ఆమె నిజం చెప్పలేకపోతుంది. చెప్తే మళ్లీ అతనితోనే ఇంటికెళ్లాలి కదా. ఆమెతో విడిగా, ఆడవాళ్ల సమక్షంలో మాట్లాడాలి.

తన్ను తాను ఉపేక్షించుకోవడమంటే దేవుడిచ్చిన సామర్థ్యాన్ని పాతిపెట్టడం అనుకునేవాళ్లకి మన ఊళ్లోనే జవాబుంది. 1883లో గుంటూరు వచ్చిన అన్నా కుగ్లర్ చదువుకున్న డాక్టరు. మిషను ఆమెను మొదట పంపింది జనానాల్లో, అంటే ఇళ్లలో ఆడవాళ్లుండే భాగాల్లో, బోధించే పనికి. ఆ పని చేస్తూనే ఆడవాళ్లకి వైద్యం మొదలుపెట్టారు. 1898కి ఆసుపత్రి తెరిచారు.

ఇక ఎత్తుకోవాల్సిన వాటికొద్దాం. కట్నం. మనలో ఆ మాట ఎక్కడ తేలుతుందో అందరికీ తెలుసు. ప్రధానానికి (నిశ్చితార్థానికి) ముందు, మధ్యవర్తి ఇంట్లో, టీ గ్లాసులు తీశాక. గుడిలో పెళ్లి ప్రకటన చదివేసరికి సగం డబ్బు చేతులు మారిపోయి ఉంటుంది. అప్పుడు పాస్టరుగారు కట్నం మీద వాక్యం చెప్తే ఏం లాభం? వద్దనే మాట మొదటి రోజే పడాలి, అదీ అబ్బాయి నోటినుంచి. ఎలా అనాలన్నది కూడా ముఖ్యమే. "మాకేం వద్దండి, మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది మీ ఇష్టం" అంటే మన జిల్లాలో అది అడిగినట్టే లెక్క. అమ్మాయి తండ్రి ఆ రాత్రే పొలం అమ్మకానికి పెడతాడు. "డబ్బు, స్థలం, బంగారం, బండి ఏదీ తీసుకోం. ఆడపడుచు లాంఛనాలు కూడా వద్దు. భోజనాల ఖర్చు చెరిసగం" అని ఒక్కొక్కటి పేరుపెట్టి చెప్పండి. ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ 1961 చట్టం ప్రకారం నేరమే అనుకోండి, కాని చట్టానికి భయపడి మానేస్తే అది సిలువ కాదు, జాగ్రత్త. సిలువ ఆ తర్వాత మొదలవుతుంది. అబ్బాయిలో ఏదో లోపముందని చుట్టాలు గుసగుసలాడతారు. అక్క పెళ్లికి చేసిన అప్పు ఇంకా తీరలేదని నాన్న ముఖం తిప్పుకుంటాడు. ఆ అప్పు కొడుకే తన జీతంలోంచి తీర్చాలి, రెండేళ్లు కావచ్చు, నాలుగేళ్లు కావచ్చు. అదీ బరువు.

ఇంకొకటి మిర్చి యార్డు. లెంటు రోజులూ మిర్చి సీజనూ ఒకేసారి వస్తాయి మనకి. పైన మంచి కాయ వేసి అడుగున తాలు కాయ, అంటే నాసిరకం కాయ, తొక్కే రైతు మన గుడిలో ఉన్నాడు. ధర కుదిరాక కాటా దగ్గర తరుగు (తూకంలో కోత) రాసే గుమాస్తా కూడా ఉన్నాడు. టిక్కీకి, అంటే మిర్చి బస్తాకి, అరకిలో అంటే వినడానికి ఎంతో లేదు. నూరు టిక్కీలకి 50 కిలోలు. క్వింటా 15,000 ఉంటే రైతు సంచిలోంచి 7,500 రూపాయలు పోయినట్టు. ఆ అంకె వేసే చెయ్యి గుమాస్తాది, లాభం షావుకారుది. రేపే ఉద్యోగం మానేయమని వేదిక మీద నిలబడి చెప్పడం తేలిక. ముందు షావుకారుతో ఒంటరిగా మాట్లాడాలి, నలుగురిలో అంటే మొండికేస్తాడు. ఈ అంకె నా చేత్తో వెయ్యనండీ అని మర్యాదగా చెప్పాలి. ఇంకోచోట పని వెతుక్కోవడం ఆ వారమే మొదలుపెట్టాలి. పని పోతే ఆ ఇంటి బియ్యం, పిల్లల ఫీజు సంఘం చూసుకోవాలి. గలతీ 6:2లో ఒకరి భారం ఒకరు మోయమన్నది ఇలాంటి నెలలకే. ఇదివరకు తీసుకున్నదాని సంగతేంటంటారా? పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానని ప్రభువుతో అన్నాడు. పాత పట్టీల్లో (అమ్మకం చీటీల్లో) రైతుల పేర్లుంటాయి, తీసి చూడండి.

ఇంట్లో పనిమనిషికి, మేస్త్రీకి, ముఠా కూలీలకి డబ్బు ఆపకండి. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉండకూడదని లేవీయకాండం 19:13. నలభై రోజులు చికెన్ మానేసి, మేస్త్రీని మూడు శనివారాలు తిప్పేవాడి ఉపవాసం ఎవరికి?

మనసు నొప్పించినవాడితో ఎలా తేల్చుకోవాలో మత్తయి 18లో వరస ఉంది. మొదట ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరితో, ఆ తర్వాతే సంఘంలో. మనం సంఘం వాట్సాప్ గ్రూపుతో మొదలుపెడుతున్నాం.

చివరగా ఉపవాసం. ఆదివారాలు తీసేస్తే 40 రోజులు. ఉదయం మానేసిన టిఫిను 40 రూపాయలనుకుంటే 1,600 అవుతుంది. ఆ డబ్బు విడిగా డబ్బాలో వేయండి, లేకపోతే అది మన పొదుపే అవుతుంది. రాత్రి రెండింతలు తినేవాళ్లు మానేయడమే నయం. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా పస్తుండొద్దు, షుగరు పడిపోయి కళ్లు తిరిగి పడిపోతారు. మీరు భోజనం చేసి, టీవీయో ఫోనో ఒక గంట మానుకుని, ఆ సమయంలో కష్టంలో ఉన్న ఒకరిని చూసి రండి.

వచ్చే శుక్రవారానికి లూకా 14 చదువుకుని రండి. గోపురం కట్టబోయేవాడు కూర్చుని లెక్క వేసుకునే భాగం దగ్గర మొదలుపెడదాం. కాగితం, పెన్ను తెచ్చుకోండి.