మొదటి వారం, ముప్ఫై ఒక్క కార్డులు

అందరికీ నమస్కారం. ఆదివారం భోజనం చేసి, కునుకు మానుకుని లైబ్రరీ హాలుకి వచ్చారు, అదే గొప్ప. నన్ను పిలిచినవాళ్ళు "కాలేజీకి వెళ్ళే పిల్లల గురించి ఏదైనా మాట్లాడండి" అన్నారు. కేరీలో, మోరిస్‌విల్‌లో ఇలాంటి సభ అంటే ఎస్ఏటీ, జీపీఏ, ఏ కాలేజీకి ఎంత కట్టాలి, ఇవే. అవి నాకంటే మీకే బాగా తెలుసు. నేను మా పిల్లల గురించి చెబుతాను, అంటే నా క్లాసు పిల్లల గురించి.

పదకొండేళ్ళుగా ఈ నార్త్ కరొలైనా రాష్ట్రంలోనే ఒక హెచ్‌బీసీయూలో మొదటి సంవత్సరం వాళ్ళకి కాల్క్యులస్ చెబుతున్నాను. కాలేజీ పేరు చెప్పను. పిల్లలు నన్ను నమ్మి రాసిచ్చిన మాటలు ఇక్కడ చదవబోతున్నాను కదా. హెచ్‌బీసీయూ అంటే నల్లజాతి వారి చదువు కోసం పుట్టిన కాలేజీ. 1964కి ముందే ఆ ఉద్దేశంతో పెట్టినవాటికి 1965 నాటి ఉన్నత విద్యా చట్టం గుర్తింపు ఇచ్చింది. దేశం మొత్తం మీద వంద దాకా ఉన్నాయి. ఎవరైనా చేరవచ్చు. ఇప్పుడు వాటిలో చదివేవాళ్ళలో సుమారు నాలుగో వంతు నల్లజాతి వారు కాదు. రాలీ డౌన్‌టౌన్‌లో పార్కింగ్ కోసం తిరుగుతూ షా యూనివర్సిటీ పక్కనుంచి మీరంతా వెళ్ళే ఉంటారు. అది 1865లో పెట్టింది. ఈ దేశపు అంతర్యుద్ధం ముగిసిన సంవత్సరం.

నాకు ఈ ఉద్యోగం వచ్చినప్పుడు తెనాలి నుంచి మా పిన్ని ఫోన్ చేసి, "నల్లోళ్ళ కాలేజీనా? జాగ్రత్తమ్మా" అంది. పిన్ని ఒక్కతే అయితే ఈ సంగతి ఎత్తకపోదును. ఇదే హాల్లో టీ కప్పు పట్టుకుని అదే ప్రశ్న ఇంగ్లీషులో అడిగినవాళ్ళున్నారు. "సేఫేనా అండీ?" అని. ఎవరని చెప్పను, మీరూ ఇటూ అటూ చూడొద్దు.

ఆగస్టులో హాస్టల్లో దిగే రోజు ఒకసారి చూడాలి మీరు. తెల్లారేసరికే కార్లు బారులు తీరతాయి. మినీ ఫ్రిజ్, పెడస్టల్ ఫ్యాను, ప్లాస్టిక్ డబ్బాలు, ఒక బస్తాడు నూడుల్స్. చెట్టు కింద మడత కుర్చీల్లో అమ్మమ్మలు. 1980ల నాటి వెలిసిపోయిన కాలేజీ టీ షర్టు వేసుకుని, తన గది కిటికీ ఏదో మనవడికి వేలెత్తి చూపించే తాతగారు. కారు ఆగీ ఆగకముందే సీనియర్లు పదిమంది వచ్చి సామాను ఎత్తుకుపోతారు. ఎక్కడో డప్పులు మొదలవుతాయి. డ్రమ్‌లైన్ వాళ్ళు. అంతవరకూ నిబ్బరంగా ఉన్న తల్లులు అక్కడ ఏడుస్తారు. మన పెళ్ళిళ్ళలో అప్పగింతలప్పుడు సన్నాయి ఎత్తుకోగానే ఏమవుతుందో, అదే.

మొదటి వారం చివర, శుక్రవారం క్లాసు ఆఖరి పది నిమిషాల్లో తలా ఒక కార్డు ఇస్తాను. "ఈ వారం నీకు వింతగా తోచింది ఏమిటి? పేరు రాయక్కర్లేదు." లెక్కల టీచరుకి ఇదేం పని అనకండి. ఎవరు నిద్రపోవడం లేదో, ఎవరు ఇంటికి పోవాలనుకుంటున్నారో నాకు మొదట తెలిసేది వీటివల్లే. కిందటి సంవత్సరం ముప్ఫై ఒకటి వచ్చాయి.

ఒక కార్డు: "నడుస్తుంటే ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా గుడ్ మార్నింగ్ చెబుతున్నారు. రెండో రోజు నుంచి నేనే ముందు చెబుతున్నాను."

ఒక కార్డు నాకే తగిలింది: "కాలేజీలో అయినా లెక్కలకి నల్లజాతి టీచరు వస్తారనుకున్నాను. డాక్టర్ వి వచ్చారు. ఫరవాలేదు." నా ఇంటిపేరు పొడుగు, అందుకని అందరికీ నేను డాక్టర్ వి. ఆ 'ఫరవాలేదు' నేర్చుకోదగ్గ మాట. ఆ అబ్బాయి ఎల్‌కేజీ నుంచి ఎదురుచూసిన మనిషిని నేను కాదు. అది నా తప్పు కాదు, వాడి తప్పు అసలే కాదు.

ఇంకొకటి ఒక అమ్మాయిది. పడుకునే ముందు వాళ్ళు జుట్టుకి సాటిన్ టోపీ లాంటిది కట్టుకుంటారు, బానెట్ అంటారు. జుట్టు తెగకుండా, చిక్కుపడకుండా. ఈ అమ్మాయి హైస్కూల్లో ఉండగా స్కూలు వాళ్ళతో టూరుకి వెళ్ళినప్పుడు, గదిలో అందరూ నిద్రపోయాక బాత్రూంలోకి వెళ్ళి కట్టుకునేదట. తెల్లారకముందే లేచి తీసేసేదట. లేకపోతే అదేమిటి, ఎందుకు, ముట్టుకోవచ్చా అని అడుగుతారు. ఇక్కడ మొదటి రాత్రి పళ్ళు తోముకోవడానికి కారిడార్లోకి వస్తే, ఉన్నవాళ్ళంతా బానెట్లలోనే ఉన్నారు. గులాబీ, నలుపు, పువ్వులవి. "ఎవరూ ఏమీ అడగలేదు. బ్రష్ నోట్లో పెట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను" అని రాసింది.

మీలో కొందరు ఈ దేశంలో స్కూలుకి వెళ్ళే రోజు పిల్లకి కొబ్బరినూనె రాయడం ఎప్పుడు మానేశారో గుర్తుచేసుకుంటే చాలు, దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

తీపి ఒక్కటే ఉంటే నేను నమ్మను. ఇంకో కార్డు చూడండి: "మా స్కూల్లో ఏపీ కాల్క్యులస్ క్లాసులో నేనొక్కడినే నల్లవాణ్ణి." ఏపీ అంటే మన ఏపీ కాదు లెండి, హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి కోర్సు. "అందరూ నన్ను గుర్తుపెట్టుకునేవారు. ఇక్కడ నేను మామూలు మనిషిని. మామూలుగా ఉండడం హాయిగా ఉంది, కాస్త భయంగా కూడా ఉంది." ఈ కుర్రాడు ఆ తర్వాత నెలరోజులు సతమతమయ్యాడు. మన ఊళ్ళో స్కూల్ ఫస్టు వచ్చి, విజయవాడ హాస్టల్లో అందరూ స్కూల్ ఫస్టులే అని తెలిసిన పిల్లవాడి అవస్థ ఒకటుంది కదా, అది. వీడికి దానిమీద ఇంకో బరువు. అన్నాళ్ళూ తను తప్పు చేస్తే జాతి మొత్తం తప్పు చేసినట్టు కూర్చున్నాడు. ఇప్పుడు తప్పు చేస్తే అది వాడి తప్పే, అంతే. అలవాటు పడడానికి టైము పడుతుంది.

పైగా అందరూ ఒకటే అనుకుంటే పొరపాటు. లాగోస్ నుంచి వచ్చిన అమ్మాయి, షికాగో అమ్మాయి, తూర్పు నార్త్ కరొలైనాలో చిలగడదుంపలు పండించే ఇంటి అమ్మాయి ఒకే గదిలో పడితే, రాత్రి రెండింటిదాకా వాదనలు. 'నల్లజాతి' అంటే ఎవరు అన్నదే వాదన. బయటివాళ్ళకి సంజాయిషీ చెప్పుకునే పని తప్పిపోయాక మనిషికి ఎంత టైము మిగులుతుందో నేను అక్కడే చూశాను.

అన్నిటికంటే ఎక్కువ కార్డుల్లో ఉన్న మాట మాత్రం 'లైను'. ఫీజు బకాయి ఉంటే రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు ముందు ఫైలు పట్టుకుని, ఫోన్లో వాళ్ళమ్మతో "ఏ ఫారం అన్నావు?" అంటూ నాలుగు గంటలు నిలబడ్డ పిల్లలున్నారు. నాకు కోపం వస్తుంది. కిటికీలో కూర్చున్న ఉద్యోగిని తిడితే పోయే కోపం కాదు. ఇద్దరు చేయాల్సిన పని ఆవిడ ఒక్కతే చేస్తోంది. ఇలాంటి కాలేజీల దగ్గర డబ్బు తక్కువ ఉండడం వెనక ఒక పాత కథ ఉంది.

మీ పిల్లలు చాలామంది ఎన్‌సీ స్టేట్‌లో చదువుతున్నారు కాబట్టి ఇది మీకూ సంబంధించిందే. ఆ యూనివర్సిటీ 1887లో మొదలైంది. 1890లో కేంద్రం ఒక చట్టం తెచ్చింది. వ్యవసాయం, ఇంజనీరింగు నేర్పే ఈ కాలేజీలకి మా డబ్బు కావాలంటే నల్లజాతి పిల్లల్ని చేర్చుకోండి, లేదా వాళ్ళకి వేరే కాలేజీ పెట్టండి అని. మన రాష్ట్రం వేరే పెట్టింది. 1891లో. గ్రీన్స్‌బొరోలోని నార్త్ కరొలైనా ఏ అండ్ టీ అదే. 2023 సెప్టెంబరులో కేంద్ర విద్యాశాఖ, వ్యవసాయ శాఖ మంత్రులు 16 రాష్ట్రాల గవర్నర్లకి ఉత్తరాలు రాశారు. తెల్లవాళ్ళ కోసం పుట్టిన కాలేజీలకి విద్యార్థి ఒక్కింటికి ఎంత ఇచ్చారో, ఇలా వేరుగా పెట్టినవాటికీ అంతే ఇచ్చి ఉంటే 1987 నుంచి 2020 దాకా 1,200 కోట్ల డాలర్లకు పైగా అదనంగా వచ్చి ఉండేదని లెక్క తేల్చారు. అందులో ఏ అండ్ టీ వాటా ఒక్కటే 200 కోట్ల డాలర్లకు పైన.

ఆ ఏ అండ్ టీ ఫ్రెష్‌మెన్ నలుగురి సంగతి, అంటే మొదటి సంవత్సరం పిల్లల సంగతి, చెప్పకుండా దిగను. ఎజెల్ బ్లేర్ జూనియర్, డేవిడ్ రిచ్‌మండ్, ఫ్రాంక్లిన్ మెకెయిన్, జోసెఫ్ మెక్‌నీల్. హాస్టల్ గదిలో రాత్రుళ్ళు కూర్చుని మాట్లాడుకుని మాట్లాడుకుని, 1960 ఫిబ్రవరి 1, సోమవారం సాయంత్రం, ఎల్మ్ స్ట్రీట్‌లోని వుల్‌వర్త్ షాపుకి వెళ్ళారు. టూత్‌పేస్టు లాంటివి కొన్నారు. డబ్బు తీసుకున్నారు. రసీదు ఇచ్చారు. తర్వాత లంచ్ కౌంటర్ దగ్గర తెల్లవాళ్ళకి మాత్రమే అనే స్టూళ్ళ మీద కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. షాపు మూసేదాకా లేవలేదు. మర్నాడు ఇరవైమందికి పైగా వచ్చారు, అదే ఊళ్ళోని బెన్నెట్ కాలేజీ అమ్మాయిలూ కలిశారు, వారం తిరిగేసరికి వందలు. జులై 25న ఆ కౌంటర్ తెరుచుకున్నప్పుడు మొదట కూర్చుని తిన్న నల్లజాతి వాళ్ళు ఆ షాపు ఉద్యోగులే.

ఆ భవనం 2010 నుంచి మ్యూజియం. మా కొత్త పిల్లల్ని బస్సులో అక్కడికి తీసుకెళతారు, తోడు నేనూ వెళతాను. కిందటిసారి ఒక కుర్రాడు గైడు చెప్పేది వినకుండా వేళ్ళ మీద ఏదో లెక్కపెడుతున్నాడు. ఏమిట్రా అన్నాను. "అప్పటికి ఆ నలుగురూ కాలేజీలో చేరి ఎన్నాళ్ళయిందో చూస్తున్నాను డాక్టర్ వీ. అయిదు నెలలే." బస్సులో తిరుగు ప్రయాణమంతా వాడు కిటికీ పక్కనే కూర్చున్నాడు, ఫోను తీయలేదు.

సేఫేనా అని అడిగినవాళ్ళకి ఒక కార్డు దాచి ఉంచాను. రెండేళ్ళ కిందట నా క్లాసులో ఒక తెలుగమ్మాయి చేరింది, స్కాలర్‌షిప్ మీద. వాళ్ళ నాన్నగారికి మొదట ఇష్టం లేదు. పేరు లేకపోయినా ఆ కార్డు ఎవరిదో నాకు తెలిసిపోయింది: "మీది ఎక్కడ అని అందరూ అడిగారు. కేరీ అన్నాను. 'అది కాదు, అసలు ఎక్కడ?' అని ఎవరూ అడగలేదు."

టీ వచ్చినట్టుంది. కార్డులు ఇక్కడే బల్ల మీద పెడుతున్నాను, చూసినవాళ్ళు వరస తప్పించకుండా తిరిగి పెట్టేయండి.