మగపిల్లల యుక్తవయస్సు: గోడల మీది భయాలు, తెలుసుకోవలసిన నిజాలు

[దృశ్యం: సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ దగ్గర ఒక గోడ. సగం చిరిగిన పసుపు పోస్టరు మీద ఎర్రటి పెద్ద అక్షరాలు కనిపించాలి; ఫోన్ నంబరు కనిపించకూడదు.]

వ్యాఖ్యాత: హైదరాబాదులో ఫ్లైఓవర్ స్తంభాల మీద, రైల్వే గోడల మీద "నరాల బలహీనత, వీర్యనష్టం, రహస్య చికిత్స" అనే పోస్టర్లను మీలో చాలామంది చూసే ఉంటారు. వాటిని చదివి, ఎవరికీ చెప్పుకోలేక లోలోపల కుమిలిపోయే పిల్లలు ఉన్నారు కనుక ముందుగా ఆ భయం గురించే మాట్లాడుకుందాం.

మగపిల్లల్లో యుక్తవయస్సు మార్పులు సాధారణంగా 9 నుంచి 14 ఏళ్ల మధ్య మొదలవుతాయి. మెదడు నుంచి అందే సంకేతాలతో వృషణాలు టెస్టోస్టెరాన్ అనే హార్మోనును ఎక్కువగా తయారుచేయడం వల్ల గొంతు బొంగురుపోతుంది, మీసం మొలుస్తుంది. కొందరికి ఛాతీ దగ్గర కొద్దిగా వాపు వచ్చి, కొంతకాలానికి తగ్గిపోతుంది. నిద్రలో వీర్యం పోవడం కూడా ఈ ఎదుగుదలలో భాగమే. అది కొందరికి తరచుగా, కొందరికి అరుదుగా జరుగుతుంది. అసలు జరగని వారిలోనూ లోపమేమీ లేదు.

[దృశ్యం: వృషణాలు, వీర్యకోశాలు, ప్రోస్టేట్ గ్రంథి చూపే సాధారణ రేఖాచిత్రం.]

ఒక చుక్క వీర్యం ఎన్నో రక్తపు చుక్కలతో సమానమన్న మాట నిజం కాదు. వీర్యంలో ఎక్కువ భాగం వీర్యకోశాలు, ప్రోస్టేట్ గ్రంథి స్రవించే ద్రవమే; వీర్యకణాలు వృషణాల్లో ప్రతిరోజూ కొత్తగా తయారవుతూనే ఉంటాయి. హస్తప్రయోగం వల్ల చూపు మందగించదు, ఎత్తు ఆగిపోదు, పెళ్లయ్యాక పిల్లలు పుట్టకుండా పోరు. నిజానికి మనిషిని కుంగదీసేది ఆ భయమే. వీర్యం పోతోందన్న దిగులుతో నీరసపడి, నిద్రపట్టక బాధపడే ఈ స్థితికి మానసిక వైద్యుడు ఎన్. ఎన్. విగ్ 1960లో 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. లైంగిక సామర్థ్యం పెంచుతామంటూ మందులకు ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి కేంద్ర చట్టం నిషేధించింది కాబట్టి, గోడ మీది నంబరుకు ఫోన్ చేసి డబ్బు, ఆరోగ్యం పోగొట్టుకోకండి.

మీకు ఇష్టం లేకుండా ఎవరైనా మీ శరీరాన్ని తాకితే ఆ తప్పు మీది కాదు. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్లలోపు మగపిల్లలకు కూడా రక్షణ కల్పిస్తుంది. సాయం కోసం పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయవచ్చు.

[దృశ్యం: రాత్రివేళ ఇల్లు. మంచం మీద ముడుచుకుని పడుకున్న అబ్బాయి, పక్కన కంగారుగా తల్లి.]

ఇప్పుడు చెప్పబోయే విషయంలో సిగ్గుపడితే శాశ్వత నష్టం జరుగుతుంది. ఉన్నట్టుండి ఒక వృషణంలో భరించలేని నొప్పి వచ్చి, వాంతులు కూడా అవుతుంటే, రక్తాన్ని అందించే నాళాలున్న తాడు మెలిపడి ఉండవచ్చు. ఇది ఎక్కువగా 12 నుంచి 18 ఏళ్ల వయసులోనే వస్తుంది. సుమారు 6 గంటలలోపు శస్త్రచికిత్స చేసి మెలి విప్పితే వృషణాన్ని చాలావరకు కాపాడవచ్చు. ఆలస్యమైన కొద్దీ ఆ అవకాశం సన్నగిల్లుతుంది. చాలామంది పిల్లలు సిగ్గుతో "కడుపునొప్పి" అని మాత్రమే చెబుతారు, ఇంట్లోవాళ్లు ఒక మాత్ర ఇచ్చి తెల్లవారే దాకా చూద్దామంటారు, ఆ విలువైన గంటలు అలాగే గడిచిపోతాయి. "అమ్మా, వృషణంలో నొప్పిగా ఉంది" అని సూటిగా చెప్పండి. అర్ధరాత్రయినా సరే 108కి ఫోన్ చేసి గాంధీ, ఉస్మానియా వంటి పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. నొప్పి దానంతట అదే తగ్గినా డాక్టరుకు చూపించుకోవాలి, ఎందుకంటే విడిపోయిన మెలి మళ్లీ పడవచ్చు.