పార ఉందా?

అధ్యక్షులవారికి, క్లబ్బు పిల్లలకి నమస్కారం. శాలువా తర్వాత కప్పండి బాబూ, చెమట పోస్తోంది. నాకిచ్చిన అంశం ‘ట్రెక్కింగ్ – వ్యక్తిత్వ వికాసం’. దాని సంగతి తర్వాత చూద్దాం. డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కాంఠ శిఖరానికి వెళ్తున్నారట కదా, ముందు మంచు సంగతి వినండి.

సోల్జరుగా పద్దెనిమిదేళ్లు చేశాను, అందులో ఆరు చలికాలాలు మంచులోనే. ఒకసారి పెట్రోలింగ్‌లో కాళ్లకింద ‘ధబ్’మంది. అంతే, ముందున్న గఢ్వాలీ హవల్దారు అడుగు కదపనివ్వలేదు. వచ్చిన దారినే, ఒక్కొక్కరినే, వెనక్కి నడిపించాడు. ఎండ కాస్తోంది, ఆకాశం నీలంగా ఉంది, మాకేమో విసుగు. మధ్యాహ్నానికి ఆ వాలు మొత్తం కిందికి జారిపోయింది.

ఎందుకంటారా? నేలనంటుకున్న మంచు వెచ్చగా ఉంటుంది, పైపొర గడ్డకట్టించే చలిలో ఉంటుంది. మధ్యలో ఆవిరి పైకి పోతూ పోతూ, అడుగు మంచుని పంచదార పలుకుల్లా మార్చేస్తుంది. పలుకుకీ పలుకుకీ పట్టుండదు. దానిమీద కొత్త మంచు పడిందా, వాలుగా పోసిన రాగుల మీద చాప పరిచి నిలబడ్డట్టే. ఆ పలుకుల పొర కుంగిన చప్పుడే మా కాళ్లకింద విన్న ‘ధబ్’. 30 నుంచి 45 డిగ్రీల వాలు అన్నిటికన్నా ప్రమాదం. చాలాసార్లు ఆ చరియని కదిపేది మన కాలే.

‘సియాచిన్‌లో మంచుకింద సైనికుడు హనుమంతప్ప ఆరు రోజులు బతికాడు కదా సార్’ అంటారు. ఇదే నాకు మంట! 2016 ఫిబ్రవరి 3న పందొమ్మిదిన్నర వేల అడుగుల ఎత్తున పదిమంది సైనికులు మంచుచరియ కింద కూరుకుపోయారు. తొమ్మిదిమంది అక్కడే పోయారు, అందులో మన కర్నూలు జిల్లా కుర్రాడూ ఉన్నాడు. ప్రాణంతో దొరికిన ఆ ఒక్కడూ 11న ఢిల్లీ ఆసుపత్రిలో పోయాడు. ఆరు రోజులని గుర్తుపెట్టుకుంటారు, తొమ్మిదిమందిని మర్చిపోతారు! మంచుకింద పడ్డవాణ్ణి బతికుండగా తీయడానికి మామూలుగా ఉండే గడువు పదిహేను నిమిషాలు. అరగంట దాటితే ఆశ సన్నగిల్లుతుంది. హెలికాప్టరు ఎప్పటికొస్తుంది? తవ్వాల్సింది పక్కనున్న స్నేహితుడే.

2022 అక్టోబరులో ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా శిఖరం మీద మంచుచరియ పడి 29 మంది తిరిగి రాలేదు. వాళ్లు పర్వతారోహణ నేర్చుకుంటున్నవాళ్లు, నేర్పేవాళ్లు. సరదాకి వెళ్లినవాళ్లు కాదు.

మొన్నొక ట్రిప్పు నిర్వాహకుణ్ణి అడిగాను, బీకన్లు (మంచుకింద ఉన్నవాడి జాడ సిగ్నల్‌తో చెప్పే పరికరాలు), మంచులో గుచ్చి వెతికే ప్రోబ్ కర్రలు, పారలు ఉన్నాయా అని. ‘అంత టెన్షన్ ఎందుకంకుల్, డ్రోన్ ఉంది’ అన్నాడు. ఫొటోలకి!

మీలో పార కొన్నవాళ్లు చేతులెత్తండి.

ఒక్కరూ లేరు. సరే, లేవండి. బయట ఇసుక కుప్పలో నా ఫోను పూడ్చిపెట్టొచ్చాను. సైలెంట్‌లో ఉంది. పదిహేను నిమిషాలు. పార ఇవ్వను, చేతుల్తోనే తవ్వండి.