ఆజ్ఞలన్నీ పాటిస్తున్నాను, మరి ఈ గర్వం ఎక్కడిది?

యాంకర్: లైన్‌లో ఒక సోదరి ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: వందనాలు పాస్టరు గారూ. ఉపవాసం, ప్రార్థన, దశమభాగం... నేను ఏదీ తప్పనండి. కానీ ఈమధ్య మా చెల్లెలు, "నువ్వొస్తే పరీక్ష హాల్లో కూర్చున్నట్టు ఉంటుందక్కా" అంది. అప్పటినుంచీ ఒకటే టెన్షన్. ఆజ్ఞలు పాటించడం వల్లే నాలో గర్వం పెరుగుతోందా? కొంచెం తగ్గించుకోవాలా?

పాస్టరు: వందనాలమ్మా. వద్దు, ఏదీ తగ్గించుకోవద్దు. లూకా 18వ అధ్యాయంలో యేసు చెప్పిన కథలో పరిసయ్యుడి, అంటే ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే వర్గంవాడి ప్రార్థన ఇంకోసారి చదవండి. మోషే ధర్మశాస్త్రం ప్రకారం తప్పనిసరి ఉపవాసం ఏడాదికి ఒక్కరోజు, ప్రాయశ్చిత్త దినాన. ఈయన వారానికి రెండుసార్లు ఉంటున్నాడు. సంపాదనంతటిలో పదోవంతు ఇస్తున్నాడు. అది అబద్ధమని గానీ, మానెయ్యమని గానీ యేసు అనలేదు. మరి ఎక్కడ చెడింది? దేవుడి ముందు నిలబడి, అక్కడే ప్రార్థనకు వచ్చిన సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడి వంక చూశాడు. పైగా ఆ ప్రార్థన మొత్తంలో ఆయన దేవుణ్ని అడిగింది ఒక్కటీ లేదు. సుంకరేమో కరుణించమని అడిగాడు.

కాలర్: అంటే, పోల్చుకోవడం మానేస్తే సరిపోతుందాండీ?

పాస్టరు: మానేద్దామని కూర్చుంటే అదే గుర్తొస్తుందమ్మా. అందుకే మిమ్మల్ని ఇంకో ఆజ్ఞ దగ్గరికి పంపిస్తాను. మత్తయి 5:23, 24. అర్పణ తెచ్చాక, నీ సహోదరుడికి నీ మీద విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ బలిపీఠం ముందే వదిలేసి, ముందు వెళ్లి సమాధానపడమన్నాడు. నీకు అతని మీద కోపం ఉంటే అని కాదు, అతనికి నీ మీద ఉంటే! తప్పెవరిదో తేలేదాకా ఆగమని కూడా లేదు. గర్వంతోనే ఉపవాసం ఉండొచ్చు, దశమభాగం ఇవ్వొచ్చు. ఈ ఆజ్ఞ మాత్రం తల వంచకుండా నెరవేరదు. విశ్వాసులం ఎక్కువగా దాటేసేది కూడా ఇదేనని నాకనిపిస్తుంది. మీ చెల్లెలితో ఏమైనా జరిగిందా?

కాలర్: (కాసేపు ఆగి) తను మందిరానికి రావడం మానేసిందని... బంధువులందరి ముందూ గట్టిగా అన్నానండి.

పాస్టరు: అయితే ముందు ఆమెకు ఫోన్ చేయండి. మెసేజ్ వద్దు. "ఆ రోజు నలుగురిలో నిన్ను అలా అనకుండా ఉండాల్సింది, క్షమించు" అనండి. అక్కడితో ఆపేయండి. "నీ మంచికే అన్నాను" అని మాత్రం కలపకండి. అది కలిపితే మళ్లీ మొదటికొస్తుంది.

కాలర్: తను క్షమించకపోతే?

పాస్టరు: అది ఆమె ఇష్టం. ఆమె వెంటనే ఒప్పుకోవాలని పట్టుబట్టకండి. ఇంకో మాటమ్మా. ఒకవేళ మీరిద్దరూ కలిసిపోతే, దాన్ని మందిరంలో సాక్ష్యంగా చెప్పకండి. ఆజ్ఞాపించినవన్నీ చేశాక కూడా "చేయవలసిందే చేశాం" అనమని లూకా 17:10లో యేసే నేర్పాడు కదా.

కాలర్: సరేనండి. ఈ కాల్ పెట్టేసి తనకే చేస్తాను.

యాంకర్: మంచిదమ్మా. తర్వాతి కాలర్, చెప్పండి.