రీఫ్ ట్యాంక్ కబుర్లు: వెనక రాతి గోడ

తమ్ముడు: ఆ, రికార్డవుతోంది. ఇవాళ రీఫ్ ట్యాంక్‌కి, అంటే ఉప్పునీళ్లలో కోరల్స్, అదే పగడాలు, పెంచే అద్దాల తొట్టెకి, వెనక రాయిలా కనిపించే గోడ ఎలా కట్టాలో మాట్లాడుకుందాం. ఒక శ్రోత అడిగారు. నాలుగడుగుల ట్యాంకట, ఇంకా నీళ్లు పొయ్యలేదట. పొయ్యకపోవడమే మంచిదైంది అక్కా, ఎందుకంటే ఆర్వో నీళ్లు...

అక్క: ఒరేయ్, అప్పుడే ఆర్వో దగ్గరికి వెళ్లకు, పోయిన ఎపిసోడ్ మొత్తం అదే కదా. గోడ సంగతి చూద్దాం. తడి అద్దానికి సిలికాన్ పట్టదు, అందుకని ఖాళీగా ఉన్నప్పుడే అతికించెయ్యాలి.

తమ్ముడు: స్ప్రే ఫోమ్‌తో, అదే డబ్బాలోంచి చిమ్మితే ఉబ్బి గట్టిపడే నురగతో, చేస్తారట.

అక్క: చెయ్యొచ్చు. కానీ ఫోమ్ తేలుతుంది. 120 సెంటీమీటర్ల పొడవు, 50 ఎత్తు, 5 మందం అనుకో, 30 లీటర్ల ఫోమ్ అయింది. ఉప్పునీళ్లు దాన్ని దాదాపు 30 కిలోల బలంతో పైకి తోస్తాయి. అక్కడో చుక్క ఇక్కడో చుక్క సిలికాన్ పెడితే ఊడొచ్చేస్తుంది, మీద పెట్టిన కోరల్స్‌తో సహా. వెనకంతా పూయాలి, అంచులు మూసెయ్యాలి. సందు మిగిలితే అందులో చెత్త చేరి కుళ్లుతుంది, నైట్రేట్ పెరుగుతుంది. ఇంకోటి, ట్యూబు మీద బూజు పట్టదని రాసుంటే ఆ సిలికాన్ ముట్టుకోవద్దు, ఆ మందు నీళ్లలోకి దిగుతుంది.

తమ్ముడు: రామేశ్వరంలో కొన్న ఎండు పగడాలున్నాయట, అవి ఆ ఫోమ్‌లో గుచ్చితే బాగుంటుందా అని...

అక్క: వద్దు.

తమ్ముడు: పూర్తిగా విను...

అక్క: విన్నాను. రాతి పగడాలను 2001లోనే వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో పెట్టారు. పులికి ఎంత రక్షణో దానికీ అంతే. బతికినదైనా ఎండినదైనా కేసే.

తమ్ముడు: అవి ఎప్పుడో చచ్చినవే కదక్కా. ఇంట్లో మూల పడుండే బదులు...

అక్క: కొనేవాళ్లున్నారనే కదా తవ్వేది! రామేశ్వరం పక్కనున్న మన్నార్ సింధుశాఖలో సున్నం కోసం, సిమెంటు కోసం పగడాలను పడవలకెత్తి పట్టుకుపోయారు. అక్కడి 21 దీవుల్లో రెండు మునిగిపోయాయి, ఆ తవ్వకం ఒక ముఖ్య కారణం. ముందు అలల్ని ఆపే గోడే లేకపోతే దీవి ఎలా నిలబడుతుంది?

తమ్ముడు: మరి మనం కోరల్స్ పెంచట్లేదా? అదడుగుతారు.

అక్క: మన ట్యాంక్‌లో ఉన్నవి మెత్తటివి. ముక్క తుంచి పెంచినవి, అవి కూడా ట్యాంక్‌లోనే పెరిగినవి. సముద్రంలోంచి పెకిలించినదాన్ని గోడకి అంటించుకోవడం, అదీ ఇదీ ఒకటేనా?

తమ్ముడు: సరే. నాకు కోపం లేదు, ఆయన తరఫున అడిగానంతే.

అక్క: ఆయన మీద నాకూ కోపం లేదురా. దుకాణంలో పెట్టి అమ్ముతుంటే ఎవరైనా కొంటారు. కానీ అవసరమే లేదు, అదీ నా బాధ. ఫోమ్ ఆరాక పైన నున్నటి తొక్క కడుతుంది కదా, దాన్ని చాకుతో చెక్కేస్తే లోపల గుల్లగుల్లగా ఉంటుంది. దాని మీద ఎపాక్సీ జిగురు పూసి, అది గట్టిపడక ముందే అరగొనైట్ ఇసుక, అంటే సున్నపు ఇసుక, చల్లి అరచేత్తో అదమాలి. ఆ తర్వాత నీళ్లలో కాల్షియం, ఆల్కలినిటీ, అంటే క్షారగుణం, నిలకడగా ఉంచితే ఊదారంగు కోరలైన్ నాచు దానంతటదే పాకుతుంది. అది కప్పేశాక ఫోమో రాయో చెప్పమను చూద్దాం.

తమ్ముడు: ఫోమ్ ఆక్రమించిన చోట నీళ్లుండవు కాబట్టి, ఉప్పు కూడా 30 లీటర్లు తగ్గించుకుని లెక్కెయ్యాలి కదా? లీటరుకి 35 గ్రాములంటే కిలో పైనే తేడా.

అక్క: అదీ ముఖ్యమే, బాగా గుర్తుచేశావు. ఓవర్‌ఫ్లో పళ్లు, అదే పై నీళ్లు బయటికి పోయే దువ్వెన లాంటి సందులు, మాత్రం మూసుకుపోకుండా చూసుకోవాలి.

తమ్ముడు: సిమెంటుతో చేస్తే?

అక్క: బరువు. పైగా సున్నం వదులుతుంది, పీహెచ్ పైకి పోతుంది. వారాల తరబడి నానబెట్టి, నీళ్లు మారుస్తూ, పీహెచ్ దిగేదాకా ఆగాలి.

తమ్ముడు: ఆర్వో నీళ్లలో.

అక్క: నానబెట్టడానికి కుళాయి నీళ్లు చాలు!

తమ్ముడు: వాటిలో టీడీఎస్, అదే కరిగిన లవణాలు, ఎంతుంటుందో తెలుసా నీకు?

అక్క: ఎంతున్నా సరే, అవి పారబోసే నీళ్లు కదరా...

తమ్ముడు: ఆఖరిసారైనా ఆర్వోలో ముంచాలి, నేనదే అంటున్నా.

అక్క: ఆఖరిసారి ముంచు, పో. ఇక ఆపెయ్, బ్యాటరీ అయిపోతోంది.